చైనాలో మోల్డ్ చేయిస్తున్నాం: కాంట్రాక్టు లాయర్ని ఇక్కడ పెట్టుకోవాలా, అక్కడ పెట్టుకోవాలా?

మోల్డింగ్ మిత్ర

అందరికీ నమస్కారం. బ్యాటరీ స్ప్రేయర్ బాడీకి రెండు ఇంజెక్షన్ మోల్డ్‌లు (ప్లాస్టిక్ పోసే అచ్చులు) నింగ్‌బో దగ్గరి ఫ్యాక్టరీలో చేయించాలి. మొదటి 5,000 బాడీలు కూడా అక్కడే పోయించి చెన్నై రేవుకు తెప్పించాలి. మోల్డ్‌ల ధర 2,60,000 యువాన్లు. వాళ్లు రెండు పేజీల ప్రొఫార్మా ఇన్వాయిస్ పంపి 50 శాతం వెయ్యమంటున్నారు. డ్రాయింగులు ఇంకా ఇవ్వలేదు.

హైదరాబాద్‌లో మన లాయరు ఇంగ్లీషులో రాసిన కాంట్రాక్టు సరిపోతుందా? చైనా లాయరే కావాలంటే ఎలా ఎంచుకోవాలి, అతనితో ఏమేం చేయించుకోవాలి? గొడవ వస్తే కోర్టు మేలా, ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) మేలా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

---

పత్రాలపని

డ్రాయింగులు ఇంకా ఇవ్వలేదన్నారు, అది మంచిది. ఇప్పుడప్పుడే ఇవ్వకండి.

మొదటి ప్రశ్నకు జవాబు: సరిపోదు. మన లాయరుకు రాయడం రాదని కాదు. "వివాదాలు హైదరాబాద్ కోర్టుల పరిధిలో" అని రాసుకుంటే కాగితం మీద ధైర్యంగానే ఉంటుంది. అయితే ఆ ఫ్యాక్టరీకి ఇండియాలో ఒక్క రూపాయి ఆస్తి లేదు. ఇక్కడ డిక్రీ వచ్చినా అమలు చేయాల్సింది నింగ్‌బోలోనే. కోర్టు తీర్పులను పరస్పరం అమలు చేసుకునే ఒప్పందం మనకూ చైనాకూ లేదు. పైగా సమన్లు వాళ్లకు అందాలంటే హేగ్ ఒప్పందం కింద రెండు దేశాల కేంద్ర అధికారుల ద్వారా వెళ్లాలి. నేరుగా పోస్టులో పంపిన సమన్లను చైనా ఒప్పుకోదు. దావా మొదలయ్యేలోపే నెలలు గడిచిపోతాయి.

దుబాయ్, సింగపూర్ వాళ్లతో వ్యాపారమైతే లెక్క వేరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 44ఏ కింద ఆ రెండూ మనం గుర్తించిన దేశాలు. యూఏఈని 2020 జనవరిలో చేర్చారు. అక్కడి పై కోర్టుల డిక్రీని ఇక్కడి జిల్లా కోర్టులో నేరుగా అమలుకు పెట్టవచ్చు. కాబట్టి ఒక దేశానికి రాసిన కాంట్రాక్టును పేర్లు మార్చి ఇంకో దేశానికి వాడకండి.

కాంట్రాక్టు ఏ చట్టం కింద, ఏ భాషలో, ఏ కోర్టుకు రాయాలన్నది అవతలివాడి డబ్బు, యంత్రాలు ఎక్కడున్నాయో చూసి నిర్ణయించాలి. మీ విషయంలో చైనా చట్టం, చెల్లుబాటయ్యే ప్రతి చైనీస్‌లో, పక్కన ఇంగ్లీషు ప్రతి. రెండింటికీ తేడా వస్తే చైనీస్ ప్రతే నిలుస్తుందని రాయాలి. అక్కడి జడ్జి చదివేది అదే. ఇంగ్లీషు ప్రతి మాత్రమే ఉంటే కోర్టు దాన్ని అనువాదం చేయిస్తుంది, మీరు ఏరికోరి పెట్టిన మాట ఇంకెవరో అనువాదకుడి చేతిలో పడుతుంది.

మన లాయర్ని మాత్రం వదలకండి. బోర్డు తీర్మానం, బ్యాంకు కాగితాలు, ఫెమా (విదేశీ మారకం చట్టం), కస్టమ్స్ అన్నీ ఇక్కడివే.

---

షెన్‌జెన్ తెలుగు

పైన చెప్పినదంతా సరే. కాంట్రాక్టు రాయించే ముందు అవతల నిజంగా ఎవరున్నారో తేల్చుకోవాలి. లాయరుకు అప్పగించే మొదటి చిన్న పని అదే కావాలి. దాన్ని అతను ఎంత శ్రద్ధగా చేస్తాడో చూస్తే మిగతాది అప్పగించవచ్చో లేదో తెలిసిపోతుంది.

చైనా కంపెనీకి చట్టం దృష్టిలో ఉండేది చైనీస్ పేరే. ఇన్వాయిస్ మీద ఉన్న ఇంగ్లీషు పేరు వాళ్లు పెట్టుకున్నది. అదే ఇంగ్లీషు పేరు నాలుగు కంపెనీలు వాడుకోవచ్చు. అందుకే బిజినెస్ లైసెన్సు కాపీ అడగండి. దాని మీద 18 అక్షరాల ఏకీకృత సామాజిక రుణ సంకేతం (యూనిఫైడ్ సోషల్ క్రెడిట్ కోడ్) ఉంటుంది. మన పాన్ నంబరులా ప్రతి కంపెనీకీ ఒక్కటే. ఆ సంకేతాన్ని జాతీయ సంస్థల రుణ సమాచార ప్రకటన వ్యవస్థ వెబ్‌సైటులో కొడితే ఇవి కనిపిస్తాయి:

- చట్టబద్ధ ప్రతినిధి పేరు. కంపెనీని కట్టుబడేలా చేయగల అధికారం చట్టం ఇచ్చింది ఈ వ్యక్తికి. మీతో రోజూ మాట్లాడే సేల్స్ అమ్మాయికి కాదు.
- వ్యాపార పరిధి. "తయారీ" అని ఉందా, "అమ్మకం, ఎగుమతి దిగుమతి" అని మాత్రమే ఉందా? రెండోదే ఉంటే అది ట్రేడింగ్ కంపెనీ, మోల్డ్ చేసేది ఇంకెవరో.
- మూలధనం ఎంత ప్రకటించారు, ఎంత కట్టారు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన కొత్త కంపెనీ చట్టం ప్రకారం పరిమిత బాధ్యత కంపెనీల వాటాదారులు ఒప్పుకున్న మూలధనాన్ని 5 ఏళ్లలో కట్టాలి. పాత కంపెనీలకు సర్దుకోవడానికి గడువిచ్చారు. కాబట్టి పెద్ద అంకె చూసి మురిసిపోకండి.
- "అసాధారణ కార్యకలాపాల" జాబితాలో పేరుందా.

దీంతో పాటు సుప్రీం పీపుల్స్ కోర్టు అమలు సమాచార వెబ్‌సైటులో కంపెనీ పేరు, ప్రతినిధి పేరు రెండూ వెతకమనండి. తీర్పు వచ్చినా డబ్బు కట్టనివాళ్ల జాబితా అక్కడ బహిరంగంగా ఉంటుంది. అందులో పేరుంటే ఎంత మంచి కాంట్రాక్టు రాయించినా లాభం లేదు, ఇంకో ఫ్యాక్టరీ చూసుకోవాలి.

---

మోల్డింగ్ మిత్ర

లైసెన్సు కాపీ పంపారు, తయారీ అని ఉంది. అయితే ఇన్వాయిస్‌లో బ్యాంకు ఖాతా హాంకాంగ్‌లో వేరే పేరు మీద ఉంది. "మా సొంత కంపెనీయే, డాలర్లు తీసుకోవడానికి" అంటున్నారు.

---

షెన్‌జెన్ తెలుగు

అది చాలామంది చేసేదే. మోసం అనుకోనక్కర్లేదు, అలాగే వదిలేయనూ కూడదు. డబ్బు హాంకాంగ్ కంపెనీకి పోయి, కాంట్రాక్టు నింగ్‌బో కంపెనీతో ఉంటే రేపు "మాకు డబ్బు అందలేదు" అనడానికి దారి దొరుకుతుంది. డబ్బు తీసుకున్న కంపెనీ పేరేమో ఎక్కడా సంతకం చేసి ఉండదు.

రెండు దారులున్నాయి. ఒకటి, నింగ్‌బో కంపెనీ పేరు మీద ఉన్న ఖాతాకే పంపడం. విదేశీ మారకం తీసుకునే ఖాతా చైనా ఎగుమతిదారులకు ఉంటుంది. రెండు, హాంకాంగ్ కంపెనీని కూడా కాంట్రాక్టులో పార్టీగా చేర్చి, ఇద్దరూ కలిసీ విడివిడిగానూ బాధ్యులని రాయించడం. ఏ దారిలో వెళ్లినా ఖాతా నంబరు కాంట్రాక్టులోనే ఉండాలి. "ఖాతా మారాలంటే కంపెనీ సీలు వేసిన సవరణ పత్రం ఉండాలి, ఈమెయిల్ చెల్లదు" అన్న వాక్యం తప్పనిసరి. ఈమెయిల్ హ్యాక్ చేసి చివరి చెల్లింపును వేరే ఖాతాకు మళ్లించే మోసానికి అడ్డుకట్ట ఆ వాక్యమే.

---

లీగల్ లెడ్జర్

ఇక లాయరు ఎంపిక. నాకు తెలిసినంతవరకు చెబుతాను, పొడవుగా ఉంటుంది.

చైనాలో విదేశీ లా ఫర్ములకు ప్రతినిధి కార్యాలయాలు మాత్రమే ఉంటాయి. చైనా చట్టం మీద అభిప్రాయం ఇవ్వడానికి, కోర్టులో నిలబడటానికి వాటికి అనుమతి లేదు. విదేశీ పార్టీ చైనా కోర్టులో లాయర్ని పెట్టుకోవాలంటే చైనా లాయర్నే పెట్టుకోవాలి. కాబట్టి ముంబయిలోనో సింగపూర్‌లోనో ఉన్న పెద్ద ఫర్ము "మేం చైనా పని చేస్తాం" అంటే, చివరికి కాగితం రాసే చైనా లాయరు ఎవరో పేరు అడగండి. మధ్యలో వాళ్ల ఫీజు ఎందుకో కూడా అడగండి.

లైసెన్సు ఉందో లేదో న్యాయ శాఖ వెబ్‌సైటులోనూ, ఆ రాష్ట్ర న్యాయ విభాగం సైటులోనూ పేరుతో చూడవచ్చు. ఏటా జరిగే పరీక్ష తాలూకు ముద్ర లైసెన్సు పుస్తకంలో ఉంటుంది. ఆ పేజీ ఫొటో అడిగితే తప్పు పట్టరు.

మనవాళ్లు ఎక్కువగా జారేది ఫీజు దగ్గర. చైనా లాయర్ల చట్టం ప్రకారం కేసు తీసుకునేది, ఫీజు తీసుకునేది లా ఫర్మే. లాయరు సొంతంగా తీసుకోకూడదు. "నా సొంత ఖాతాకు వెయ్యండి, తక్కువకు చేస్తాను" అన్నవాడితో పని పెట్టుకోకండి. ఫర్ము పేరు మీద ఒప్పంద పత్రం, ఫర్ము సీలు, ఫర్ము ఖాతా, పన్ను ఇన్వాయిస్ నాలుగూ ఉండాలి.

అడగాల్సిన ప్రశ్నలు కొన్ని:

ఈ ఫ్యాక్టరీకి గానీ దాని యజమానికి గానీ మీ ఫర్ము ఇంతకుముందు పనిచేసిందా? నింగ్‌బో లాంటి ఊళ్లో లాయరూ ఫ్యాక్టరీ యజమానీ ఒకే వ్యాపార సంఘంలో ఉండటం మామూలే. షాంఘైలోనో హాంగ్‌జౌలోనో ఉన్న ఫర్ము అయితే ఆ చిక్కు తక్కువ.

చైనీస్ ప్రతి ముందు రాస్తారా, ఇంగ్లీషులో రాసి అనువదిస్తారా? ముందు చైనీస్ రాసేవాళ్లే కావాలి. ఇంగ్లీషు నమూనాను మార్చి చైనీస్‌లోకి దింపినదాన్ని అక్కడి జడ్జి చదివితే సగం మాటలకు చట్టంలో ఆనవాలు ఉండదు.

గొడవను ఏ కోర్టుకు తీసుకెళ్దామంటారు, ఎందుకు? ఈ ప్రశ్నకు "సీటాక్ పెట్టేద్దాం, అందరూ అదే పెడతారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే మీ కేసు గురించి ఆలోచించలేదని అర్థం. (సీటాక్ అంటే చైనా అంతర్జాతీయ ఆర్థిక వాణిజ్య ఆర్బిట్రేషన్ కమిషన్, బీజింగ్.)

ఫ్యాక్టరీ మార్పులు అడిగితే ఎన్ని విడతలు అదే ఫీజులో చేస్తారు? దీన్ని ముందే రాయించుకోకపోతే బిల్లు అక్కడే పెరుగుతుంది.

ఇంకో సంగతి. లాయరుతో మాట్లాడినదాన్ని కోర్టు అడగకుండా కాపాడే హక్కు మనకు ఇక్కడ ఉన్నట్టు అక్కడ లేదు. లాయరుకు రహస్యం కాపాడే బాధ్యత మాత్రం చట్టంలో ఉంది. కాబట్టి మీకు ఇబ్బంది కలిగించే అంతర్గత లెక్కలు, వేరే సరఫరాదారుల ధరలు అతనికి పంపే ఫైళ్లలో కలపకండి.

---

తులసికోట

మాకు తెలిసిన చాలామంది యీవూ (చైనాలో టోకు మార్కెట్ ఊరు) ఏజెంటుతోనే కాగితం రాయించేస్తారు. వాళ్లకు భాష వచ్చు, ఫ్యాక్టరీలూ తెలుసు. అది చాలదా?

---

లీగల్ లెడ్జర్

మార్కెట్లో ఉన్న సరుకును కొనడానికి చాలు. మీ డిజైనుతో మోల్డ్ చేయించడానికి చాలదు. ఏజెంటుకు చాలాసార్లు ఫ్యాక్టరీ నుంచి కూడా కమిషన్ ఉంటుంది, గొడవ రోజున ఎటు నిలబడతాడో చెప్పలేం. అతను రాసిన కాగితంలో పొరపాటుంటే అడగడానికి లైసెన్సు ఇచ్చినవాళ్లూ ఉండరు.

---

టూల్‌రూమ్

లాయరు ఎంత గట్టివాడైనా మోల్డ్ గురించి అతనికి తెలియదు. సాంకేతిక అనుబంధం మీరే రాసివ్వాలి, అతను దాన్ని కాంట్రాక్టుకు కట్టిపెడతాడు. "మంచి నాణ్యత గల మోల్డ్" అని రాస్తే కోర్టులో దేనికీ పనికిరాదు. నేనైతే ఇవి రాయిస్తాను.

ఉక్కు గ్రేడు: కోర్, క్యావిటీ (అచ్చులో రెండు సగాలు) దేనితో (పీ20నా, 718హెచ్‌నా), ఎంత గట్టిదనంతో. ఉక్కు మిల్లు సర్టిఫికెట్ ఇవ్వాలి. క్యావిటీలు ఎన్ని, రన్నరు (ప్లాస్టిక్ లోపలికి పోయే దారి) వేడిదా చల్లదా, హాట్ రన్నర్ అయితే ఏ బ్రాండు. హామీ ఇచ్చే షాట్లు (పోతలు) ఎన్ని. సైకిల్ టైము (ఒక్కో పోతకు పట్టే కాలం) ఎన్ని సెకన్లు, ఎన్ని టన్నుల మెషీను మీద. ఈ చివరిది మరిచిపోతారు. మోల్డ్ ఇక్కడికి తెచ్చుకున్నాక మీ మెషీనులో టై బార్ల (మోల్డ్‌కు చుట్టూ ఉండే కడ్డీల) మధ్య పట్టకపోతే ఏం చేస్తారు?

చెల్లింపు 50-50 వద్దు. 30 శాతం మొదట, 40 శాతం మొదటి ట్రయల్ శాంపిళ్లు (టీ1 అంటారు) కొలతల నివేదికతో వచ్చాక, 30 శాతం మీరు రాతపూర్వకంగా ఆమోదించాక. టీ1లో లోపాలు లేకుండా రావడం అరుదు, అందుకే దిద్దుబాటు ట్రయల్స్ ఎన్నిటిదాకా వాళ్ల ఖర్చు అన్నది కూడా రాయాలి.

యాజమాన్యం: డబ్బు కట్టినంతమాత్రాన మోల్డ్ మీదని వాళ్లు అనుకోరు. ధర తగ్గించి చెప్పి "మోల్డ్ మా దగ్గరే ఉండాలి" అనుకునే ఫ్యాక్టరీలున్నాయి. కాబట్టి మోల్డ్‌తో పాటు 3డీ, 2డీ డ్రాయింగులు కూడా మీవని, వాటి ఫైళ్లు చివరి చెల్లింపుకు ముందే మీకు అందాలని రాయండి. మోల్డ్ మీద మీ కంపెనీ పేరు చెక్కిన పలక, సీరియల్ నంబరు, ఫొటోలు అనుబంధంలో ఉండాలి. మీరు అడిగిన ఎన్ని రోజుల్లో బయటికి పంపాలో, ప్యాకింగ్ ఖర్చు ఎవరిదో, బాడీల బాకీ గొడవ ఉన్నా మోల్డ్‌ను పట్టి ఉంచుకోకూడదని స్పష్టంగా ఉండాలి.

బాడీల ఆర్డరుకు వేరే కాంట్రాక్టు. ఐఎస్‌ఓ 2859-1 ప్రకారం శాంపిల్ తీసి, పెద్ద లోపాలకు ఏక్యూఎల్ (ఒప్పుకోదగ్గ లోపాల హద్దు) 2.5, చిన్నవాటికి 4.0 అని పెట్టడం మామూలు. ఏది పెద్ద లోపమో, ఏది చిన్నదో ఫొటోలతో జాబితా ఇవ్వాలి. స్ప్రేయర్ కాబట్టి లీకు పరీక్షకు ఏక్యూఎల్ పనికిరాదు, ప్రతి ట్యాంకుకూ పరీక్ష అని రాయండి. తనిఖీ అయ్యాకే మిగతా డబ్బు.

---

పత్రాలపని

టూల్‌రూమ్ గారు చెప్పినదానికి ముందు ఒక కాగితం ఉండాలి. డ్రాయింగులు పంపకముందు ఎన్‌ఎన్‌ఎన్ ఒప్పందం: చెప్పకూడదు, వాడకూడదు, మమ్మల్ని దాటి మా కొనుగోలుదారుల దగ్గరికి పోకూడదు. మామూలు రహస్య ఒప్పందం "బయట చెప్పను" అన్నదానితో ఆగిపోతుంది. ఫ్యాక్టరీ ఎవరికీ చెప్పదు, తనే చేసి అమ్ముతుంది. భయమంతా అదే. అనుబంధ కంపెనీలకూ సబ్‌కాంట్రాక్టర్లకూ ఇది వర్తించాలి.

అందులో ఉల్లంఘనకు ఒక నిర్ణీత మొత్తం రాయాలి. నష్టం ఎంతో ఋజువు చేసే పని తగ్గుతుంది, ఖాతా స్తంభింపజేయమని కోర్టును అడగడానికి చేతిలో ఒక అంకె ఉంటుంది. అలాగని కోటి యువాన్లు రాయకండి. చైనా సివిల్ కోడ్ 585వ అధికరణం ప్రకారం జరిగిన నష్టం కంటే మరీ ఎక్కువైతే తగ్గించమని అవతలివాళ్లు అడగవచ్చు. నష్టాన్ని 30 శాతం మించితే మరీ ఎక్కువని కోర్టులు సాధారణంగా చూస్తాయి. అంకె ఎలా వచ్చిందో, అంటే మోల్డ్ ధర, డిజైను ఖర్చు, ఏడాది లాభం అంచనా, ఒక పేరాలో లెక్క చూపమని లాయరుకు చెప్పండి.

డిజైను రక్షణ కూడా ఇప్పుడే చూడండి. ఇండియాలో డిజైను దరఖాస్తు వేసిన 6 నెలల్లోపు చైనాలో వేస్తే ఇక్కడి తేదీయే లెక్కలోకి వస్తుంది. దరఖాస్తుకు ముందే ఎక్కడైనా బయటపెడితే కొత్తదనం పోయినట్టే. బ్రాండు పేరు ఉంటే చైనాలో ట్రేడ్‌మార్కు ముందు వేసినవాడిదే. ఎగుమతికి మాత్రమే చేయించినా వేరేవాడు నమోదు చేసుకుంటే మీ సరుకు అక్కడి కస్టమ్స్‌లో ఆగవచ్చు.

---

తులసికోట

ఆ 30 శాతం అడ్వాన్సు గురించి ఒకటి. పని చేయకపోతే రెట్టింపు తిరిగి ఇవ్వాలని చైనా చట్టంలో ఉందంటారు కదా?

---

పత్రాలపని

ఉంది, కానీ మామూలు అడ్వాన్సుకు కాదు, బయానాకు. బయానా ఇచ్చినవాడు తప్పితే అది పోతుంది, తీసుకున్నవాడు తప్పితే రెట్టింపు ఇవ్వాలి (సివిల్ కోడ్ 587వ అధికరణం). చైనీస్‌లో బయానా, అడ్వాన్సు రెండు పదాలూ ఒకేలా పలుకుతాయి, రాసే అక్షరం ఒక్కటే వేరు. ఫ్యాక్టరీ నమూనాల్లో తరచూ ఉండేది అడ్వాన్సు అక్షరం. పరిమితి కూడా ఉంది: బయానా మొత్తం కాంట్రాక్టు విలువలో 20 శాతం దాటకూడదు, దాటిన భాగానికి ఆ బలం ఉండదు (586). కాబట్టి 30 శాతంలో 20 బయానాగా, 10 ముందస్తు చెల్లింపుగా విడదీసి రాయించవచ్చు. బయానా, నిర్ణీత పరిహారం రెండూ రాసుకున్నా గొడవ వచ్చినప్పుడు ఏదో ఒకటే అడగాలి (588).

---

రేవుదారి

కోర్టా ఆర్బిట్రేషనా అన్న ప్రశ్నకు నా ఓటు హాంకాంగ్ ఆర్బిట్రేషన్‌కు. విదేశీ ఆర్బిట్రేషన్ తీర్పులను (అవార్డులను) అమలు చేసే న్యూయార్క్ ఒప్పందం కింద మనం గెజిట్‌లో గుర్తించిన ప్రాంతాల్లో చైనా, హాంకాంగ్ రెండూ 2012లో చేరాయి. అవార్డు ఇక్కడా చెల్లుతుంది, అక్కడా చెల్లుతుంది. ఇంగ్లీషులో నడుస్తుంది. 2019 అక్టోబర్ 1 నుంచి, హాంకాంగ్ ఆర్బిట్రేషన్ నడుస్తుండగానే చైనా కోర్టులో ఆస్తుల స్తంభన అడిగే ఏర్పాటు కూడా ఉంది.

---

లీగల్ లెడ్జర్

పెద్ద కాంట్రాక్టుకు మీరు చెప్పింది సరైనదే. ఇక్కడ మొత్తం 2,60,000 యువాన్ల మోల్డ్, దాని మీద 5,000 బాడీలు. హాంకాంగ్‌లో ఆర్బిట్రేటర్ల ఫీజు, అక్కడి లాయర్లు కలిపితే వివాదం విలువను మింగేస్తుంది.

చైనా కోర్టు ఫీజు చూడండి. 5,00,000 యువాన్ల దావాకు 8,800 యువాన్లు. ఆస్తి స్తంభన దరఖాస్తుకు ఇంకో 3,020, అది ఎంత పెద్ద మొత్తానికైనా 5,000 దాటదు. దావా వేశాక స్తంభన అడిగితే కోర్టు కోరే హామీ అడిగిన మొత్తంలో 30 శాతం మించకూడదు. దావాకు ముందే అడిగితే పూర్తి మొత్తానికి హామీ కావాలి. బీమా కంపెనీ హామీ పత్రం కొని ఇవ్వవచ్చు, నగదు కట్టిపెట్టనక్కర్లేదు. మోల్డ్ ఫ్యాక్టరీలో ఉండగా దాన్ని కదపకుండా ఆదేశం కావాలంటే ఆ ఊరి కోర్టే దగ్గర దారి. చైనాలోని ఆర్బిట్రేషన్ సంస్థకు దరఖాస్తు పెట్టినా అది మళ్లీ కోర్టుకే పంపుతుంది.

కోర్టుకు లోటు లేకపోలేదు. విదేశీ పార్టీ ఉన్న కేసుకు మామూలు 6 నెలల గడువు వర్తించదు. మీ ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్, బోర్డు తీర్మానం, లాయరుకిచ్చే అధికార పత్రం నోటరీ చేయించి, ధ్రువీకరణ చేయించి, చైనాలో అనువదింపజేయాలి. ధ్రువీకరణ ఏ పద్ధతిలో అన్నది ఆ కోర్టును ముందే అడిగి చెప్పమని లాయరుకు చెప్పండి, లేకపోతే అదే పని రెండుసార్లు చేయాలి. గెలిచాక అమలు దరఖాస్తుకు గడువు 2 ఏళ్లు.

---

రేవుదారి

ఒప్పుకుంటాను, ఈ సైజుకు కోర్టే. అయితే ఎవరైనా ఆర్బిట్రేషన్ రాసుకుంటే రెండు పొరపాట్లు చేయొద్దు. "ఆర్బిట్రేషన్ లేదా కోర్టు, ఏదైనా" అని రాస్తే చైనా చట్టంలో ఆ ఆర్బిట్రేషన్ క్లాజే చెల్లదు. సంస్థ పేరు కచ్చితంగా ఉండాలి, "చైనాలో ఆర్బిట్రేషన్" అంటే చాలదు. 2012లో సీటాక్ నుంచి షాంఘై, షెన్‌జెన్ శాఖలు విడిపోయి వేరే సంస్థలయ్యాయి. ఇంటర్నెట్లో దొరికే పాత నమూనాల్లో ఇంకా ఆ శాఖల పేర్లుంటాయి. అలా రాస్తే ఎవరికి పరిధి ఉందన్న వాదనతోనే కాలం గడిచిపోతుంది. భాష కూడా రాయాలి, రాయకపోతే సీటాక్‌లో సాధారణంగా చైనీస్‌లో నడుస్తుంది.

---

లెక్కల పుస్తకం

ఇక్కడి పక్క చూద్దాం. చైనా లా ఫర్ముకు ఫీజు పంపినప్పుడు అది సేవల దిగుమతి. రివర్స్ చార్జి కింద 18 శాతం ఐజీఎస్టీ మీరే కట్టి, అర్హత ఉంటే క్రెడిట్ తీసుకుంటారు. టీడీఎస్ పట్టాలా వద్దా అన్నది ఇండియా-చైనా పన్ను ఒప్పందం చూసి మీ సీఏ తేల్చాలి. దానికి ఆ ఫర్ము పన్ను నివాస ధ్రువపత్రం కావాలి. అది రావడానికి సమయం పడుతుంది కాబట్టి ఒప్పంద పత్రం రోజునే అడగండి. ఫీజు "అన్ని పన్నులు పోను నికరంగా" అని రాసి ఉంటే టీడీఎస్ భారం మీ మీద పడుతుంది, ఆ మాట ఉందేమో చూడండి.

మోల్డ్ మీద రెండు చిక్కులున్నాయి. డబ్బు కట్టినా మోల్డ్ చైనాలోనే ఉంటే బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్ దిగుమతి పత్రం) ఉండదు, బ్యాంకు పుస్తకాల్లో ఆ చెల్లింపు తేలకుండా మిగులుతుంది. పంపకముందే కాంట్రాక్టు చూపించి, మోల్డ్ అక్కడే ఉంటుందన్న క్లాజును బ్యాంకుకు చెప్పండి. లాయరు ఆ క్లాజు రాయకపోతే మీ మాటకు ఆధారం లేదు. రెండోది కస్టమ్స్. 2007 వాల్యుయేషన్ నిబంధనల్లో 10వ నిబంధన ప్రకారం మీరు భరించిన మోల్డ్ ఖర్చును ఆ బాడీల విలువకు కలపాలి. కలపకుండా బాడీ ధర మీదే సుంకం కట్టి, తరువాత పట్టుబడితే తేడా సుంకం, వడ్డీ, పెనాల్టీ. కాంట్రాక్టులో మోల్డ్ ధర, దాని మీద పోసే మొత్తం బాడీల అంచనా ఉంటే ఒక్కో బాడీకి ఎంత కలపాలో చూపడం తేలిక.

---

మోల్డింగ్ మిత్ర

చాలా ధన్యవాదాలు. లాయరు ఫీజు ఏ పద్ధతిలో మాట్లాడుకోవాలి? గెలిస్తేనే ఫీజు అన్న పద్ధతి అక్కడ ఉందా?

---

లీగల్ లెడ్జర్

రాయడానికి స్థిర ఫీజే అడగండి: కంపెనీ తనిఖీ, ఎన్‌ఎన్‌ఎన్, మోల్డ్ కాంట్రాక్టు, కొనుగోలు కాంట్రాక్టు, నాలుగింటికీ విడివిడిగా ధర. గంటల లెక్కకు ఒప్పుకుంటే ఫ్యాక్టరీ చేసే ప్రతి మార్పుకూ మీటరు తిరుగుతుంది. నలుగురిని అడిగితే ధరలు చాలా తేడాగా వస్తాయి. అతి తక్కువ చెప్పినవాళ్లు సాధారణంగా నమూనా నింపి ఇస్తారు. పేర్లు తీసేసిన పాత కాంట్రాక్టు ఒకటి చూపించమంటే అది బయటపడుతుంది.

దావాకు మాత్రం గెలుపు మీద ఫీజు ఉంది. 2021 నుంచి పరిమితి పెట్టారు: 10 లక్షల యువాన్ల లోపు భాగం మీద 18 శాతం, 10 నుంచి 50 లక్షల భాగం మీద 15 శాతం, పైన ఇంకా తక్కువ. 30, 40 శాతం అడిగేవాళ్లతో మాట్లాడనక్కర్లేదు. ఓడినవాడు కోర్టు ఫీజు భరిస్తాడు. లాయరు ఫీజు మాత్రం కాంట్రాక్టులో రాసుకుంటేనే వచ్చే అవకాశం. ఆ వాక్యం తప్పకుండా పెట్టించండి.

---

షెన్‌జెన్ తెలుగు

సంతకం రోజు సంగతి ఎవరూ చెప్పలేదు. చైనాలో అందరూ చూసేది గుండ్రటి ఎర్ర సీలు. అది పోలీసు శాఖ దగ్గర నమోదై ఉంటుంది, మధ్యలో నక్షత్రం, చుట్టూ చైనీస్‌లో పూర్తి పేరు. కంపెనీ సీలు గానీ కాంట్రాక్టు సీలు గానీ కావాలి. అకౌంట్స్ సీలు, ఇన్వాయిస్ సీలు, ఇంగ్లీషు అక్షరాల నీలం ముద్ర వేరే పనులకు, వాటిని కాంట్రాక్టు మీద ఒప్పుకోకండి. సీలు మీద పేరు అక్షరం అక్షరం లైసెన్సుతో సరిపోవాలి. పేజీలన్నీ విసనకర్రలా పరిచి అంచుల మీదుగా ఒక సీలు వేయించండి, మధ్యలో పేజీ మార్చడానికి ఉండదు. చట్టబద్ధ ప్రతినిధి సంతకం కూడా తీసుకోండి. వేరేవాళ్లు చేస్తే అధికార పత్రం జతచేయాలి. స్కాన్‌తో సరిపెట్టకుండా అసలు కాగితం కొరియర్లో తెప్పించుకోండి.

ఇంకొకటి మనవాళ్లకే ప్రత్యేకం. వీచాట్ ఇండియాలో 2020 నుంచి నిషేధం, వాట్సాప్ చైనాలో ఆడదు. సేల్స్ వాళ్లు వీపీఎన్ పెట్టుకుని వాట్సాప్‌లో మాట్లాడతారు, ఉద్యోగం మారితే ఆ నంబరు పోతుంది. అందుకే నోటీసులకు, కొలతల ఆమోదానికి, మార్పులకు చెల్లేవి ఫలానా రెండు ఈమెయిళ్లు మాత్రమే అని కాంట్రాక్టులో పెట్టండి. చాట్‌లో ఒప్పుకున్నదాన్ని అదే రోజు ఆ ఈమెయిల్‌కు పంపండి. చాట్ ఉన్న ఫోను పారేయకండి, కోర్టు స్క్రీన్‌షాట్ కంటే అసలు పరికరం చూస్తుంది.

---

మోల్డింగ్ మిత్ర

ఫ్యాక్టరీ ఇప్పుడే జవాబిచ్చింది: "మా నమూనా మీదే సంతకం చేస్తాం, మీ లాయరు రాసింది వద్దు, రెండు వారాలు ఆలస్యమవుతుంది."

---

పత్రాలపని

వాళ్ల నమూనాను చదివించండి, వెంటనే తిరస్కరించకండి. వాళ్లే రాసిన కాగితం కాబట్టి అర్థం కాలేదని అనలేరు, అది మీకు కొంత మేలే. లాయర్ని అడిగి ఆ నమూనాకే ఒక అనుబంధ ఒప్పందం రాయించండి: మోల్డ్ యాజమాన్యం, విడుదల గడువు, చెల్లింపు విడతలు, బయానా, నిర్ణీత పరిహారం, కోర్టు, నమూనాకూ అనుబంధానికీ తేడా వస్తే అనుబంధమే నిలుస్తుందన్న వాక్యం. రెండు మూడు పేజీల్లో అయిపోతుంది, వాళ్ల యజమాని కూడా చదువుతాడు.

బేరంలో ధర మీద, గడువు మీద సర్దుకోవచ్చు. మోల్డ్ యాజమాన్యం మీదా ఎన్‌ఎన్‌ఎన్ మీదా సర్దుకోకండి. ఎన్‌ఎన్‌ఎన్ మీద సీలు పడేదాకా 3డీ ఫైలు పంపకండి. కొటేషన్ కోసం బయటి కొలతలు, గోడ మందం, బరువు ఉన్న 2డీ పీడీఎఫ్ సరిపోతుంది. ఆ రెంటికీ ఒప్పుకోని ఫ్యాక్టరీ అయితే యూయావ్, హ్వాంగ్యాన్‌లలో మోల్డ్ చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. లాయరు రాసిన ఎన్‌ఎన్‌ఎన్ అక్కడ కూడా పనికొస్తుంది, ముందు పేజీలో పార్టీ పేరు, సంకేతం, ఖాతా మార్చించుకుంటే చాలు.